ఇరవై అంకెల భజన

మొన్న ఉగాదికి పరిగిలో చిన్న సభ జరిగింది. పేరుకి కవి సమ్మేళనం. ఒక షామియానా, ముప్పై కుర్చీలు, పేపర్ కప్పుల్లో ఉగాది పచ్చడి, మైకు దొరికితే వదలని నలుగురు పెద్దమనుషులు. అందులో ఒకాయన రిటైరైన తెలుగు మాస్టారు. పావులూరి మల్లన పేరు మీద చెప్పుకునే చదరంగం పద్యం అందుకున్నారు. చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇట్లా రెట్టింపు చేసుకుంటూ 64 గళ్లూ నింపితే మొత్తం ఎన్ని గింజలు? ఆ జవాబుని ఇరవై అంకెలతో సహా ఒక పద్యంలో ఇమిడ్చారు. మాస్టారు గొంతు బాగుంది. వెనక ఫ్లెక్సీ మీద ఆ సంఖ్య పసుపు రంగులో మెరుస్తోంది: 18446744073709551615.

నా పక్కన మా అక్క కూతురు కూర్చుంది. పదో తరగతి. పద్యం అయ్యేలోపు ఆ పిల్ల ఫ్లెక్సీ మీది అంకెలన్నీ కూడేసింది. మొత్తం 87. చెయ్యెత్తి అడిగింది: "తాతా, ఇది మూడుతో భాగం పోతాది. చివర ఐదుంది కాబట్టి ఐదుతో కూడా పోతాది. ఇంకా దేంతో పోతాది?"

మాస్టారు నవ్వారు. "పాపా, ఇది భాగారాలు చేసే చోటు కాదమ్మా. మన పూర్వీకుల గొప్పతనం ఇది. విని ఆనందించల్ల," అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. పిల్ల చెయ్యి దించేసింది.

నా గొడవ ఆ మాస్టారుతో కాదు. ఆయనకి ఆ పద్యం కంఠతా వచ్చు, నాకు రాదు. నా గొడవ ఆ చప్పట్లతో. ఎందుకంటే అవే చప్పట్లు వాట్సాప్‌లో ఏడాదికి రెండుసార్లు నా ఫోన్‌కి వస్తాయి. సాహిత్య సభల్లో వింటాను. మన సాహిత్య చరిత్ర పుస్తకాల్లో మల్లనకి దక్కే ఆ ఒక్క పేరాలోనూ వినిపిస్తాయి. పద్యాన్ని మెచ్చుకుంటాం, సంఖ్య ఎంత పొడుగుందో చూసి మురుస్తాం, అక్కడితో ఆపేస్తాం. ఆ సంఖ్య ఏమిటి, ఎట్లాంటిది, లోపల ఏముంది అని అడిగినవాళ్లని ముద్దుగా కూర్చోబెడతాం.

ముందు న్యాయంగా ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను. ఆ పద్యం తమాషా కాదు. చంద్రుడంటే ఒకటి, వేదాలంటే నాలుగు, ఆకాశమంటే సున్నా. ఇట్లా అంకెలకి బదులు మాటలు వాడి, ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి వెనక్కి చెప్పుకుంటూ పోవడం పాత పద్ధతి. ఆ ఇరవై అంకెల్ని ఒక్క తప్పు లేకుండా చంపకమాలలో కూర్చోబెట్టడం మాటలు కాదు. రాతప్రతుల్లో అంకె చెరిగిపోవచ్చు, తారుమారు కావచ్చు. ఛందస్సులో బిగించిన మాట అంత తేలిగ్గా జారదు. ఒకరకంగా అది ఆ కాలపు బ్యాకప్.

సంఖ్య పెద్దదే, సందేహం లేదు. గింజకి 25 మిల్లీగ్రాముల బరువు వేసుకుంటే బల్ల నిండేసరికి 46,000 కోట్ల టన్నులు దాటుతుంది. కానీ పెద్దతనం సంఖ్యకి గుణం కాదు. దాని పక్కన 1 కలిపితే ఇంకా పెద్దది వస్తుంది. ఎవరూ దానికి ఫ్లెక్సీ కట్టరు.

సరే, పద్యం చంపకమాల అని మనకెట్లా తెలిసింది? విడగొట్టి చూశాం కాబట్టి. న, జ, భ, జ, జ, జ, ర అని గురులఘువులు గుర్తుపెట్టి గణవిభజన చేశాం కాబట్టి. గణవిభజన చేస్తే పద్యం చిన్నబోతుందని ఏ తెలుగు మాస్టారూ అనరు. చెయ్యని పిల్లలకి మార్కులు కోస్తారు. మరి అదే పద్యంలోని సంఖ్యని విడగొడతానంటే ఎందుకు ఉలికిపాటు? సంఖ్యకి గణాలు ప్రధాన సంఖ్యలు. ఇంకే చిన్న సంఖ్యల గుణకారంగానూ విడిపోని ముక్కలు. ఏ సంఖ్యనైనా ఆ ముక్కల్లోకి విడగొట్టే దారి ఒక్కటే ఉంటుంది. అది తెలిస్తేనే ఆ సంఖ్య ఏ జాతిదో తెలుస్తుంది.

మా అక్క కూతురు ఆగిన చోట నుంచి వెళ్దాం. ఎవరికైనా అర్థమయ్యే దారి ఒకటుంది. అది మన పుస్తకాల్లోంచే మొదలవుతుంది.

మల్లన 11వ శతాబ్దంలో రాసిన 'సారసంగ్రహ గణితం' స్వతంత్ర రచన కాదు. దానికి మూలం మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన 'గణితసారసంగ్రహం'. ఆయన జైనుడు. 9వ శతాబ్దంలో కన్నడ దేశాన్నేలిన రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలం వాడు. పరిగి వాళ్లకి దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. మాకు సంతలో సగం బేరాలు కన్నడంలోనే నడుస్తాయి. అక్కడి లెక్క ఇక్కడికి రావడం మాకు వింత కాదు. ఆ మహావీరుడు గుణకారం నేర్పేటప్పుడు కొన్ని విచిత్రమైన లెక్కలు ఇస్తాడు. 152207ని 73తో గుణించమంటాడు. చేస్తే 11111111 వస్తుంది. ఎనిమిది ఒకట్లు, పూసలు గుచ్చినట్టు. ఇట్లాంటి జవాబుల్ని ఆయన కంఠహారాలన్నాడు. 27994681ని 441తో గుణిస్తే 12345654321. ఇదీ ఒక హారమే.

ఇక్కడ ఆగి ఆలోచించండి. గుణిస్తే ఎనిమిది ఒకట్లు రావాలంటే, లెక్క ఇచ్చేవాడికి ముందే ఒకటి తెలిసుండాలి. ఎనిమిది ఒకట్ల సంఖ్య 73తో భాగం పోతుందని. అంటే మహావీరుడు ముందు హారాన్ని తెంపి చూశాడు. తర్వాతే గుచ్చమని పిల్లలకిచ్చాడు. మన పూర్వీకుల గొప్పతనం అని ఏదైనా ఉంటే అది ఆ తెంపడంలో ఉంది. మనమేమో పూర్వీకుల పేరు చెప్పి, తెంపబోయిన పిల్ల చెయ్యి దించుతున్నాం.

ఆ హారం ఎట్లా తెగుతుందో చూడండి. 11ని 101తో గుణిస్తే 1111. దాన్ని 10001తో గుణిస్తే 11111111. ఇందులో 10001 మళ్లీ తెగుతుంది: 73 ఇంటూ 137. మహావీరుడి 73 అక్కడిది.

ఇప్పుడు చదరంగం బల్ల దగ్గరికి రండి. మొదటి వరసలో ఎనిమిది గళ్లు. 1, 2, 4, 8 అనుకుంటూ 128 దాకా వేస్తే మొత్తం 255 గింజలు. కంప్యూటర్ వాడే రెండంకెల పద్ధతిలో 255ని ఎట్లా రాస్తారు? 11111111. ఎనిమిది ఒకట్లు. మహావీరుడి హారమే! ఆయనది పదుల లెక్కలో, ఇది రెండ్ల లెక్కలో. తెగే తీరు కూడా అదే. 11, 101, 10001. ఈ మూడింటినీ రెండ్ల లెక్కలో చదివితే 3, 5, 17. గుణించి చూసుకోండి, 255. రెండు వరసలు నింపితే 65535, అంటే 255ని 257తో గుణించినట్టు. నాలుగు వరసలు, అంటే సగం బల్ల నింపితే 4294967295. అది 65535ని 65537తో గుణిస్తే వచ్చేది. మొత్తం బల్ల నింపితే ఆ సగం బల్ల సంఖ్యని 4294967297తో గుణించినట్టు. మనం ఇరవై అంకెల కొండ అని దండం పెట్టింది ఆరు మెట్ల దారి: 3, 5, 17, 257, 65537, 4294967297.

కథ ఇక్కడే మొదలవుతుంది. ఈ ఆరు మెట్లూ ఒకే కుటుంబం. 17వ శతాబ్దపు ఫ్రెంచి లాయరు పియర్ ద ఫెర్మా 1640 ప్రాంతంలో ఉత్తరాల్లో వీటి గురించే రాశాడు. ఇవన్నీ ప్రధాన సంఖ్యలే అయ్యుంటాయని ఆయన నమ్మకం. మొదటి ఐదూ నిజంగానే ప్రధానం. ఆరోది, 4294967297, అంత తేలిగ్గా లొంగలేదు. 1732లో లియొనార్డ్ ఆయిలర్ దాన్ని తెంపాడు: 641 ఇంటూ 6700417. 641ని రెండు రకాలుగా చూడొచ్చు. ఒకటి 5 ఇంటూ 128, ప్లస్ 1. ఇంకోటి 625 ప్లస్ 16. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుంటే 641 ఆ సంఖ్యని ఎందుకు నిశ్శేషంగా భాగిస్తుందో ఇంటర్ పిల్లలు పోస్టుకార్డు వెనక నిరూపించొచ్చు.

అంటే మన పద్యంలోని సంఖ్యలో, దాని కడుపులో, ఒక మహా గణితజ్ఞుడి పొరపాటు ఉంది. దాన్ని దిద్దిన ఇంకో మహా గణితజ్ఞుడి జవాబూ ఉంది. 1796లో పద్దెనిమిదేళ్ల కుర్రాడు గౌస్ 17 భుజాల బహుభుజిని స్కేలు, వృత్తలేఖినితో గీయొచ్చని చూపించాడు. ఆ 17 కూడా ఉంది. అదే దారిలో పోతే సగం బల్ల సంఖ్యకి సరిగ్గా అన్ని భుజాలున్న బొమ్మని సూత్రప్రాయంగా గీయొచ్చు. పూర్తి బల్ల సంఖ్యకి గీయలేం, 641 అడ్డం పడుతుంది. ఇదంతా ఆ ఫ్లెక్సీ మీదే ఉంది. చప్పట్ల సందడిలో కనపడలేదు, అంతే.

పూర్తి గణవిభజన ఇదిగో: 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఏడు ప్రధాన సంఖ్యలు, ఏదీ రెండోసారి రాలేదు. కాబట్టి దీనికి సరిగ్గా 128 భాజకాలు. దాన్ని పక్కనపెట్టి మిగిలిన భాజకాలన్నీ కూడితే ఆ సంఖ్యలో సుమారు 70 శాతమే వస్తుంది. ప్రాచీన గ్రీకుల కాలం నుంచీ ఇట్లాంటి వాటిని కొరత పడిన సంఖ్యలంటారు. సరిగ్గా సరిపోతే పరిపూర్ణ సంఖ్య, మించితే మిగులు సంఖ్య. పరిపూర్ణ సంఖ్యకి చిన్న ఉదాహరణ 6: ఒకటి, రెండు, మూడు కూడితే మళ్లీ ఆరు. మనం ఇంత పొగిడిన సంఖ్య ఈ లెక్కలో కొరతది! నాకైతే అది ఇప్పుడే నచ్చింది.

మనవాళ్లు సంఖ్యల్ని వర్గీకరించరని కాదు. తెగ వర్గీకరిస్తారు. కారు కొంటే 9999 కావాలి, దానికి ఆర్టీఏ వేలంలో లక్షలు పోస్తారు. పేరులో ఇంకో 'ఏ' అక్షరం కలిపితే సినిమా ఆడుతుంది. ఫోన్ నంబర్లో అంకెలు కూడితే ఎనిమిది రాకూడదు. మా అక్క కూతురు కూడిన 87ని న్యూమరాలజీ ఆయనకిస్తే ఎనిమిదీ ఏడూ పదిహేను, ఒకటీ ఐదూ ఆరు, శుక్రుడు, విలాసవంతుడు అని తేల్చేస్తాడు. పిల్ల అదే 87 చూసి 'మూడుతో పోతాది' అంది. ఒకే కూడిక. ఒకటి ఎవరైనా సరిచూసుకోగలిగిన నిజం, ఇంకోటి ఫీజు. రెండోదానికి టీవీలో పొద్దున గంట టైమిస్తాం. మొదటిదానికి 'విని ఆనందించల్ల'.

ఇంకా బాధ కలిగించే సంగతి ఉంది. సంఖ్యల వర్గీకరణలో మనకి నిజంగా గర్వించే మనిషి ఉన్నాడు. వెయ్యేళ్ల కిందటి వాడు కాదు. మతుకుమల్లి వెంకట సుబ్బారావు 1921లో గుంటూరు జిల్లా యాజలిలో పుట్టారు. మా సీమలోనే, తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో పనిచేశారు. 1963లో కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయానికి వెళ్లారు, 2006లో పోయారు. 1966లో ఎల్.జె. వారెన్‌తో కలిసి ఆయన ఒక కొత్త జాతి సంఖ్యల మీద వ్యాసం ప్రచురించారు. వాటి పేరు యూనిటరీ పర్ఫెక్ట్ నంబర్లు.

అర్థం కాదని భయపడకండి, 60 తీసుకుంటే చాలు. 60 అంటే 4 ఇంటూ 3 ఇంటూ 5. ఈ మూడు దిమ్మెల్నీ పగలగొట్టకుండా, ఒక్కోదాన్ని ఉంచితే మొత్తం ఉంచాలి, తీస్తే మొత్తం తీయాలి అని నియమం పెట్టుకోండి. అప్పుడు వచ్చే భాజకాలు 1, 3, 4, 5, 12, 15, 20. కూడండి. సరిగ్గా 60. ఇట్లాంటివి 6, 60, 90, 87360. ఐదోది చార్లెస్ వాల్ అనే ఆయన కనుక్కుని 1975లో ప్రచురించాడు: 146361946186458562560000. ఇరవై నాలుగు అంకెలు, మన ఫ్లెక్సీ కన్నా నాలుగు ఎక్కువ. ఆరోది ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు. ఇవి లెక్కపెట్టగలిగినన్నే ఉంటాయని సుబ్బారావు గారి ఊహ. అదింకా ఊహగానే ఉంది, ఎవరూ తేల్చలేదు.

ఇంకొకటి. 1949లో వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి వి. రామస్వామి అనే ఆయన అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. పెద్ద ప్రధాన కారణాంకాలు లేని సంఖ్యలు, ఒక హద్దు లోపల ఎన్నుంటాయి అని కచ్చితమైన నిరూపణ. ఇప్పుడు పెద్ద సంఖ్యల్ని తెంపే పద్ధతులకి ఎంత టైం పడుతుందో అంచనా వేసేది ఆ రకం లెక్కతోనే. బ్యాంకు లావాదేవీలని కాపాడే ఆర్‌ఎస్‌ఏ లాంటి తాళాలు నిలబడింది పెద్ద సంఖ్యని తెంపడం కష్టం అన్న ఒక్క నమ్మకం మీదే. 617 అంకెల సంఖ్యలవి. పొడుగు చూసి వాటికెవరూ దండం పెట్టరు. తెగుతాయా తెగవా అన్నదే ప్రశ్న.

సుబ్బారావు గారి మీద ఎన్ని తెలుగు ఫార్వర్డులు చదివారు? నాకొచ్చినవి సున్నా. పద్యంలో లేడు కాబట్టి ఆయన మన వారసత్వంలో లేడు.

ఇక్కడ మీలో కొందరికి విసుగు పుట్టుంటుంది. సాహిత్య పత్రికలో ఈ లెక్కలేంటి, మేం లెక్కల నుంచి పారిపోయే కదా ఇటు వచ్చాం అని. అట్లా పారిపోవాలనిపించేలా మనకి లెక్కలు నేర్పారు, ఒప్పుకుంటాను. ఐఐటీ ఫౌండేషన్ పేరుతో ఆరో తరగతి నుంచే పిల్లల్ని రుబ్బే చోట ఏ పిల్లకైనా 641 మీద ప్రేమ ఎందుకు పుడుతుంది? అక్కడ ప్రశ్న అడిగితే 'సిలబస్‌లో లేదు', ఇక్కడ అడిగితే 'ఆనందించల్ల'. రెండు చోట్లా మూసింది ఒకే నోరు. కానీ 'నాకు లెక్కలు రావు' అని మనం సభల్లో నవ్వుతూ చెప్పుకోవడం చూస్తే నాకు నవ్వు రాదు. 'నాకు చదవడం రాదు' అని ఎవరూ అట్లా నవ్వుతూ చెప్పుకోరు కదా. పైగా మల్లన పుస్తకం పద్యకావ్యాల పక్కన పెరిగిన పుస్తకం. తెలుగులో శాస్త్రం రాయొచ్చని నిలబెట్టిన తొలి పుస్తకాల్లో ఒకటి. దాన్ని సాహిత్యం కోటాలో మెచ్చుకుని, లోపలి లెక్కని 'మాకు సంబంధం లేదు' అంటే మనం మెచ్చుకుంది అట్టని మాత్రమే.

ప్రతి వర్గీకరణా గొప్పదని నేను అనడం లేదు. రెండ్ల లెక్కలో రాస్తే సరిసంఖ్యలో ఒకట్లు వచ్చే వాటికి ఇంగ్లీషులో 'ఈవిల్ నంబర్లు' అని పేరు పెట్టారు. మన సంఖ్యలో 64 ఒకట్లు, కాబట్టి ఇదీ దుష్ట సంఖ్యే! సరదా, అంతకు మించి దాన్ని మోయక్కర్లేదు. ఏ పేరు పనికొస్తుంది, ఏది ఊరికే ముద్దుపేరు అని తేల్చుకోవడం కూడా చదువే. కానీ ఆ తేల్చుకోవడం లోపలికి వెళ్లినవాళ్లకే వస్తుంది.

సభ అయ్యాక మేమిద్దరం పరిగి చెరువు కట్ట వైపు నడిచాం. పిల్ల కోపంగా ఉంది. కట్ట మీద కూర్చుని వరసల లెక్క చెప్పాను. 255, 65535, సగం బల్ల. నోట్‌బుక్కులో తనే వేసుకుంటూ పోయి 4294967297 దగ్గర ఆగింది.

"ఇది ప్రైమే కదా మామా?"

"ఫెర్మా కూడా అట్లనే అనుకున్నాడు."

"అంటే కాదు."

దీన్ని భాగించే ప్రైమ్ ఏదైనా 64తో భాగిస్తే 1 మిగిలేట్టు ఉండాలని ఆయిలర్ చూపించాడు, అంతవరకే చెప్పాను. జాబితా తనే రాసుకుంది: 193, 257, 449, 577, 641. ఫోన్ ఇస్తానంటే వద్దంది. నాలుగు భాగారాలకి శేషం మిగిలింది. ఐదోదానికి మిగల్లేదు. రెండుసార్లు సరిచూసుకుని, నోట్‌బుక్కు నా ముందు పెట్టి, "ఆ తాతకి చూపిద్దామా?" అంది.

చూపిద్దాం. వచ్చే ఉగాదికి మాస్టారు మళ్లీ అదే పద్యం చదవాలి, అంతే బాగా చదవాలి. ఫ్లెక్సీ మీద ఆ ఇరవై అంకెల కింద ఏడు సంఖ్యలు వేయిస్తాను, ఆ ఖర్చు నాది. పద్యం అయ్యాక మైకు మాత్రం ఈ పిల్లకివ్వాలి.